దక్షిణపు గోలు దగ్గర ఎండ

మైదానం వెనక షెడ్డు,
సెప్టెంబరు మొదట్లో

మరదలికి,

మనిద్దరం ఫోనులో మాట్లాడుకుంటే కుశలప్రశ్నలు అయ్యేలోపే గొడవ మొదలవుతుంది. "ఉత్తరాలు రాసుకోండి. ఒకరు చెబుతుంటే ఇంకొకరు అడ్డం పడే వీలుండదు" అని మీ అన్నయ్య సలహా ఇచ్చాడు. కాగితాలు కూడా ఆయనే తెచ్చిపెట్టాడు. అందుకని షెడ్డులో గడ్డి కోసే మెషిన్ల మధ్య స్టూలు వేసుకుని రాస్తున్నాను. మట్టి మరకలుంటే సర్దుకుపో.

ముందు మంచి మాట. నువ్వు గీసిన గ్యాలరీ అదిరింది. ప్రారంభం రోజున నువ్వు పెద్దవాళ్ళ పక్కన ఫోటోల్లో ఉన్నావు. నన్ను పలకరించే తీరిక నీకు దొరకలేదు. తప్పు పట్టడం లేదులే, ఆడపడుచువి, ఆ మాత్రం దర్జా ఉండాలి. జనం లోపలికి రాగానే తలెత్తి నీ పైకప్పు చూసి నోళ్ళు వెళ్ళబెట్టారు. కళ్ళకు అడ్డంగా ఒక్క స్తంభమైనా లేకుండా అంత కప్పు గాలిలో ఎలా నిలబడిందో మీ అన్నయ్య పక్కన కూర్చున్నవాళ్ళందరికీ విడమరిచి చెప్పాడు. "మా చెల్లెలు గీసింది" అన్న ఒక్క ముక్క తప్ప ఆయన చెప్పినదంతా తప్పే.

ఇంకో మంచి మాట కూడా ఉంది. మహిళల ఫుట్‌బాల్ కప్పు ఫైనలు ఈసారి మన మైదానానికి ఇచ్చారు. మార్చిలో ఆట. ఇంతకు ముందెప్పుడూ మనకి ఆ అదృష్టం పట్టలేదు. నీ పైకప్పు చూసే ఇచ్చారని అందరూ అంటున్నారు.

ఇప్పుడు ఒక సందేహం. నేను వ్యవసాయ కాలేజీలో చదివిందీ, ఇన్నాళ్ళుగా ఇక్కడ చేస్తున్నదీ ఒకటే పని, ఈ గడ్డిని బతికించడం. వేసవిలో ఎండ నడినెత్తిన ఉండేది కాబట్టి నాకు తెలియలేదు. ఇప్పుడు పొద్దు దక్షిణానికి వాలుతోంది. మధ్యాహ్నమయ్యేసరికి నీ గ్యాలరీ నీడ దక్షిణపు గోలు పోస్టుని దాటి లోపలికి వచ్చేస్తోంది. చలికాలంలో ఇంకా ముందుకు జరుగుతుంది. అక్కడి గడ్డి అప్పుడే రంగు తగ్గింది. బొమ్మలు గీసేటప్పుడు నీడ సంగతి చూశారా? ఊరికే అడుగుతున్నా.

ఉంటాను మరి,
నీ వదిన

*

ఆఫీసు, ఏడో అంతస్తు,
అక్టోబరు

గడ్డి శాస్త్రి గారైన వదినకు,

నీ ఉత్తరం మా ఆఫీసులో పెద్ద వింత అయిపోయింది. అందరూ చుట్టూ మూగి "ఎవరు రాశారు, ఎవరు రాశారు" అని ఒకటే గోల. నా పెళ్ళి సంబంధం అనుకున్నారు. లోపల గడ్డి గురించి ఉందని తెలిసి ఉసూరుమన్నారు.

ముందు నా మంచి మాట విను. మన గ్యాలరీకి ఈ ఏడాది ఉత్తమ క్రీడా నిర్మాణం అని బహుమతి వచ్చింది! మా బాస్ జన్మలో నవ్వడు. అలాంటివాడు ఆ బహుమతి పలకను గుమ్మం ఎదురుగా తగిలించి, వచ్చినవాడికల్లా చూపించి నవ్వుతున్నాడు. నన్ను పిలిచి "బాగా చేశావు" అన్నాడు. ఆ రెండు మాటల కోసం నేనీ ఆఫీసులో ఎన్ని బొమ్మలు చెరిపి గీశానో నీకు తెలియదు.

నీడ సంగతి చూశారా అని అడిగావు. చూశాం తల్లీ. జనానికి ఎండా వానా తగలకుండా ఉండాలనే కదా అంత కప్పు వేసింది! నీడ మా పొరపాటు కాదు, అది మేము అమ్మిన సరుకు. నువ్వు ఇంకాసిన్ని నీళ్ళు పోసి, ఇంత ఎరువు వేస్తే అదే లేస్తుంది. మా అన్నయ్య కంటే ఆ గడ్డినే ఎక్కువ ముద్దు చేస్తావు నువ్వు, అందుకే దానికి అంత గారం.

కోపం తెచ్చుకోకు.
నీ మరదలు

*

మైదానం వెనక షెడ్డు,
నవంబరు చివర

గౌరవనీయులైన ఆర్కిటెక్టు గారికి,

తమరి సలహా అందింది. నీళ్ళు పోయమన్నారు. అక్కడ రాత్రి పడిన మంచు మధ్యాహ్నం దాకా ఆరడం లేదండీ. నీళ్ళు కూడా పోస్తే పాచి పడుతుంది, ఇప్పటికే పడింది. ఎరువు వేయమన్నారు. అరగక పడుకున్నవాడి నోట్లో ఇంకో ముద్ద కుక్కమన్నట్టుంది. గడ్డికి తిండి వండుకునే పొయ్యి ఎండ. పొయ్యి ఆర్పేసి బియ్యం బస్తాలు పంపిస్తే ఏం లాభం?

వెలుతురు కోసం గడ్డి మెడ చాచి సన్నగా పొడుగ్గా పెరుగుతోంది. పైకి చూస్తే పచ్చగానే ఉంటుంది, అదే మోసం. వేరు మాత్రం లోపలికి దిగదు. బూటు కాలు పెట్టి తిరిగితే కింద పరిచిన గుడ్డలా జారిపోతుంది.

మొన్న ఆదివారం అదే జరిగింది. మన జట్టులో గోలు కాసే అమ్మాయిని అందరూ 'గోడ' అంటారు. బంతి ఆమెని దాటిపోవడం నేను చాలా తక్కువగా చూశాను. దక్షిణపు గోలు దగ్గర ఎడమ పక్కకి దూకబోయింది. కాలి కింద గడ్డి ఊడొచ్చింది. శరీరం ఒక పక్కకీ మోకాలు ఇంకో పక్కకీ తిరిగాయి. ఆ అరుపు నాకు షెడ్డులోకి వినపడింది. పరిగెత్తుకు వెళ్ళేసరికి పిల్ల పళ్ళ బిగువున ఏడుపు ఆపుకుంటోంది. నన్ను చూసి "మేడమ్, మీ తప్పు కాదు" అంది. ఆ మాట అనకుండా నన్ను తిట్టినా బాగుండేది.

మైదానం ఇలాగే ఉంటే ఫైనలు వేరే చోటికి మారుస్తామని పోటీల సంఘం నుంచి కబురు వచ్చింది. మన కమిటీ కార్యదర్శి గారు ప్లాస్టిక్ గడ్డి వేయిద్దామంటున్నారు.

ఈ ఉత్తరంతో ఒక పొట్లం పంపుతున్నాను. అందులో రెండు గడ్డి ముక్కలున్నాయి. ఒకటి ఎండ తగిలే ఉత్తరపు గోలు దగ్గరిది, రెండోది తమరు అమ్మిన సరుకు కిందిది. ఏది ఎక్కడిదో రాయలేదు. చూస్తే తెలుస్తుంది.

ఇట్లు,
మైదానం బాధ్యురాలు

*

ఆఫీసు,
డిసెంబరు మొదట్లో

వదినా,

నువ్వు నన్ను 'తమరు' అన్నావంటే ఎంత కోపంగా ఉన్నావో అర్థమైంది. ఇంకెప్పుడూ అలా రాయకు.

పొట్లం నా బల్ల మీదే విప్పాను. మట్టి అంతా బొమ్మల మీద పడింది. ఉత్తరపు ముక్కని పట్టుకుని ఎత్తితే వేళ్ళు వేలాడుతూ కింద మట్టిని కూడా లేపాయి. రెండోది ఎత్తగానే గడ్డి నా చేతిలోకి వచ్చింది, మట్టి బల్ల మీదే ఉండిపోయింది. ఆ ముక్క చేత్తో పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో. ఆ అమ్మాయి మోకాలు ఎలా ఉంది? నిజం రాయి.

తర్వాత పాత బొమ్మలన్నీ తీశాను. ప్రతి నెలా ఏ గంటకి ఏ వరస కుర్చీ మీద నీడ ఉంటుందో గీశాం. మైదానం ఉన్న చోట ఊరికే పచ్చరంగు పూసి వదిలేశాం. గడ్డి మీద నీడ ఎంత పడుతుందో చెప్పమని క్లబ్బు అడగలేదు, మేమూ అనుకోలేదు. దానికీ ప్రాణం ఉందని ఆ బల్ల చుట్టూ కూర్చున్న మాకెవరికీ తట్టలేదు.

నాకు కొంచెం టైమివ్వు. ఇంకేం అడగకు ఇప్పుడు.

మరదలు

*

మైదానం వెనక షెడ్డు,
డిసెంబరు మధ్య

మరదలా,

నీ ఉత్తరం చదివి కోపం కరిగిపోయింది. నాకు ముక్కు మీద కోపం, నీకు నాలిక మీద వెటకారం. మీ అన్నయ్య మన మధ్య ఎలా బతుకుతున్నాడో పాపం.

గోడ బాగానే ఉంది. ఎముకకి దెబ్బ లేదు, కీలు దగ్గర నరం సాగిందట. వ్యాయామం చేస్తూ ఓపిక పడితే మార్చి నాటికి ఆడొచ్చని డాక్టరు చెప్పాడు. ఆమె ఊతకర్రతో రోజూ వచ్చి షెడ్డులో కూర్చుంటోంది. ఊరికే కూర్చోదు, నా పనికి వంకలు పెడుతుంది.

నేను కూడా ఖాళీగా లేను. దక్షిణపు వైపు గడ్డిని తక్కువ కోస్తున్నాను. ఆకు కాస్త పొడుగుంటే దొరికిన వెలుతురునైనా పట్టుకుంటుంది. నీళ్ళు బాగా తగ్గించాను. మంచు ఆరడానికి కోళ్ళ ఫారంవాళ్ళ దగ్గర పెద్ద ఫ్యాన్లు తెచ్చాం. వాటిని పెట్టిన రోజు మైదానమంతా కోళ్ళ వాసన. జట్టు పిల్లలు "కొక్కొరొకో" అంటూ ప్రాక్టీసు చేశారు.

అసలు విశేషం దీపాలు. పూల నర్సరీ ఆయనొకరు చలికాలంలో మొక్కల మీద పెద్ద దీపాలు వెలిగిస్తాడు. వెళ్ళి అడిగాను. "గడ్డికా?" అని నవ్వాడు. ఫుట్‌బాల్ మైదానం అనగానే ముఖం మారింది, ఆయన కూతురు మన జూనియర్ జట్టులో ఆడుతుందట. చక్రాల బండ్లకి దీపాలు బిగించి ఇచ్చాడు. వాటిని గోలు ముందు నుంచి కొంచెం కొంచెంగా జరుపుతూ ఉండాలి. ఆ తోపుడు పని మీ అన్నయ్యది. "పెళ్ళయిన కొత్తలో నిన్ను తిప్పినంత జాగ్రత్తగా తిప్పుతున్నా" అంటున్నాడు.

ఫలితం కొంచెం కనిపిస్తోంది. కొత్త చిగురు వస్తోంది. కానీ ఉన్నమాట చెప్పాలి. దీపం ఉన్న చోట లేస్తుంది, బండి జరగగానే వెనకపడుతుంది. ఎండ చేసే పనిని దీపాలతో చేయించడం మా శక్తికి మించిన పని. ఆ కప్పు మొత్తం పీకేస్తే తప్ప లాభం లేదేమోనని మొన్న అనిపించింది. అనిపించినందుకు బాధ కూడా కలిగింది.

నువ్వు మాత్రం ఆఫీసులో జాగ్రత్త. నా గడ్డి కోసం నీ ఉద్యోగం మీదికి తెచ్చుకోకు. ఇక్కడ మిగతా అంతా మామూలే.

వదిన

*

ఆఫీసు,
జనవరి మొదట్లో

వదినా,

అంతా మామూలేనా?

అన్నయ్య అంతా చెప్పాడు. ప్లాస్టిక్ గడ్డి వేస్తే ఇక మైదానానికి మనిషి అక్కరలేదని నీకు నోటీసు ఇచ్చారట కదా! నవంబరులోనే ఇచ్చారట! అది దాచిపెట్టి కోళ్ళ వాసన గురించి జోకులు రాస్తావా నాకు? ఆ ఉత్తరం చదివి నేను పడీ పడీ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలని ఉంది.

సరే, తిట్టడం తర్వాత. ఇది శ్రద్ధగా చదువు.

కప్పు మొత్తం పీకక్కర్లేదు. రోజూ ఇంటికి వచ్చాక అట్టతో గ్యాలరీ నమూనా కట్టాను. టేబుల్ ల్యాంపుని సూర్యుడిలా పట్టుకుని ఒక్కో నెల ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తు నుంచి వెలుతురు వేసి చూశాను. కప్పు వెనక భాగం నీడ ఎప్పుడూ కుర్చీల మీదే పడుతోంది. అది మైదానంలోకి రానే రాదు. లోపలికి దూకేదంతా ముందు అంచు నీడ. ఆ ముందు పట్టీ వరకు రేకులు తీసేసి, వెలుతురు దిగే రేకులు వేస్తే చాలు. జనానికి నీడ ఉంటుంది, నీ గోలు దగ్గరికి ఎండ వస్తుంది. చూడగానే కుర్చీలోంచి ఎగిరి గంతేశాను. కింద ఇంటివాళ్ళు తలుపు కొట్టారు.

నమూనా పార్సిల్ చేస్తున్నాను. ముందు పట్టీ ఊడి వస్తుంది, దాని చోట పెట్టడానికి పారదర్శకంగా ఉండే పట్టీ కూడా ఉంది. మీ కమిటీ సమావేశంలో దీపం పెట్టి చూపించు. మాటలు తక్కువ చెప్పు, దీపాన్ని జరుపు. మా ఆఫీసు తరఫున బాస్ వస్తున్నాడు. నేను రావడం లేదు, ఇక్కడ పని ఉంది.

అట్ట జాగ్రత్త.
మరదలు

*

మైదానం వెనక షెడ్డు,
జనవరి, సమావేశం అయిన సాయంత్రం

ఓసి మరదలా,

కమిటీ గది నుంచి పరిగెత్తుకొచ్చి రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో.

కమిటీ గది నీకు తెలుసు కదా. పొడుగు బల్ల, గోడ నిండా పాత జట్ల ఫోటోలు. ప్లాస్టిక్ గడ్డి కంపెనీవాడు ఇచ్చివెళ్ళిన పచ్చ ముక్క బల్ల మధ్యలో ఉంది. అందరం టీ గ్లాసులు దాని మీదే పెట్టుకున్నాం. అది ఆ పనికి బాగానే ఉంది.

మీ బాస్ వచ్చాడు. తలుపంత పొడుగు మనిషి. నమూనా చూడగానే ఆగిపోయాడు.

"ఇది మా ఆఫీసు అట్ట" అన్నాడు.

"అవునండీ. బుర్ర కూడా మీ ఆఫీసుదే" అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. "పైకప్పులో లోపం ఉందని మావాళ్ళెవరైనా క్లబ్బుకి చెబితే మర్నాటి నుంచి రానక్కర్లేదని గట్టిగా చెప్పాను. బహుమతి వచ్చిన కట్టడం అది!"

'ఇక్కడ పని ఉంది' అన్నావు నువ్వు. ఈ సంగతి నీ ఉత్తరంలో ఎక్కడుందే? నమూనా ఎత్తి చంకలో పెట్టుకుని బయటికి పోదామనుకున్నాను. నా ఉద్యోగం ఎలాగూ పోతోంది, నీది కూడా పోవడమెందుకు?

అప్పుడు మన గోడ లేచింది. ఊతకర్ర బల్లకి ఆనించి, టేబుల్ ల్యాంపు తీసుకుంది. ఆమెని సాయానికి తీసుకెళ్ళాను, మాట్లాడమని చెప్పలేదు.

"సార్, నేను నిలబడేది ఇక్కడ" అని దక్షిణపు గోలు మీద వేలు పెట్టింది. "ఒక్కసారి నా చోటు నుంచి చూడండి. తర్వాత మీ ఇష్టం."

ఆ పిల్ల మోకాలికి ఉన్న కట్టు చూసి కాదనలేకపోయాడు. అంత మనిషి నడుము వంచి, చెంప బల్లకి ఆనేలా తల పెట్టి అట్టముక్క గోలులోంచి పైకి చూశాడు. గోడ దీపం పట్టుకుంది. కార్యదర్శి గారు ఎప్పుడూ పెన్ను మూత టకటకలాడిస్తారు, అది ఆగిపోయింది.

"దీపం ఇంకొంచెం కిందికి దించమ్మా" అన్నాడు మీ బాస్. "జనవరి ఎండ అంత పైనుండదు."

దించింది. పెనాల్టీ గీత దాకా మొత్తం నల్లబడింది.

"ఇప్పుడు ఆ పట్టీ మార్చు."

నేను మార్చాను. గోలు ముందు తెల్లగా వెలుతురు పరుచుకుంది. కుర్చీల మీద నీడ అలాగే ఉంది. ఆయన తల ఎత్తలేదు. మళ్ళీ పాత పట్టీ పెట్టమన్నాడు, మళ్ళీ తీయమన్నాడు. తర్వాత లేచి, కోటు దులుపుకుని, కమిటీ మొత్తానికి తనే వివరించడం మొదలుపెట్టాడు! నాకంటే బాగా చెప్పాడు. గీతలు గీసి చూపించాడు. మనిషి గర్విష్ఠే కానీ కట్టడం తెలిసినవాడు, ఒప్పుకోవాలి.

"ముందు పట్టీ మేమే మార్చిపెడతాం" అన్నాడు చివరికి. "మార్చాక ఫోటోలు కొత్తగా తీయిస్తాను. ఇంతకు ముందుకన్నా అందంగా ఉంటుంది."

కార్యదర్శి గారు సరేనన్నారు. సంఘం నుంచి తనిఖీ ఆయన ఫిబ్రవరి చివర వస్తాడు. ఆయన పాస్ చేస్తే ఫైనలు ఇక్కడే, గడ్డి అలాగే ఉంటుంది, నా నోటీసు చించేస్తారు. లేదంటే ప్లాస్టిక్కే.

మీ బాస్ వెళుతూ నా దగ్గర ఆగాడు. "మీ మరదలితో చెప్పండి, రేపు పెందలాడే రమ్మని. బొమ్మలు గీయాలి."

"అంటే తన ఉద్యోగం ఉన్నట్టేనా?"

"లేకపోతే ఎవరు గీస్తారండీ?" అన్నాడు. అప్పుడు కాస్త నవ్వాడు కూడా. ఒట్టు. పెందలాడే రమ్మన్న కబురు మీ అన్నయ్య నీకు ఫోనులో చెప్పేసి ఉంటాడు.

వదిన

*

ఆఫీసు,
జనవరి చివర

వదినా,

ఉద్యోగం పోయే సంగతి నీకెందుకు చెప్పలేదంటావా? నీ నోటీసు సంగతి నువ్వెందుకు చెప్పలేదు? చెల్లుకు చెల్లు. ఇకనుంచి ఇద్దరం ఏదీ దాచుకోకూడదు. దాచుకోవడం మనిద్దరికీ చేతకాలేదు కూడా.

పొద్దున్నే వెళితే బాస్ నా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎదురుగా నువ్వు పంపిన రెండు గడ్డి ముక్కలు. అవి ఎండిపోయాయి కానీ నేను పారేయలేదు. "ఇవి నాకెందుకు చూపించలేదు?" అని అడిగాడు. "మీరు చూడనన్నారు సార్" అన్నాను. "ఇక నుంచి మన ప్రతి స్టేడియం బొమ్మలో గడ్డికి కూడా ఒక కుర్చీ వేద్దాం" అన్నాడు.

రేకులు బయలుదేరాయి. బిగించేవాళ్ళతో నేనే వస్తున్నాను. మంచి కాఫీ పెట్టు.

మరదలు

*

మైదానం వెనక షెడ్డు,
మార్చి మొదటి రోజుల్లో

మరదలా,

నువ్వు తాడు కట్టుకుని కప్పు అంచున నడుస్తుంటే మీ అన్నయ్య కళ్ళు మూసుకుని "దిగిందా? దిగిందా?" అని అడుగుతూనే ఉన్నాడు. నువ్వు దిగాక మాత్రం "నాకేం భయం, మా చెల్లెలు కదా" అన్నాడు.

నువ్వెళ్ళిన మర్నాడు మబ్బు విడిచింది. నేను గోలు గీత మీద నిలబడి ఉన్నాను. ముందు నా బూట్ల మీదికి ఎండ వెచ్చగా వచ్చింది, తర్వాత మోకాళ్ళ దాకా ఎక్కింది. పొద్దు పైకి వచ్చేకొద్దీ గోలు ముందంతా తెల్లబడింది. గడ్డి మీది మంచు పొగలా లేచిపోయింది. పిచ్చిదాన్లా అక్కడే కూర్చుండిపోయాను. గోడ వచ్చి "మేడమ్, ఏడుస్తున్నారా?" అంటే "దీపాల వెలుతురు అలవాటై కళ్ళు మండుతున్నాయి" అన్నాను. నమ్మలేదు.

అంతా కుదురుకుంటోంది అనుకుంటుండగా నాలుగు రోజులు ముసురు పట్టింది. ఎడమ పోస్టు పక్కన బూజు తెగులు వచ్చింది. పొద్దున్న చూస్తే గుండ్రంగా, వేడి గిన్నె దించిన మచ్చలా ఉంది. సాయంత్రానికి పక్కన ఇంకోటి. తనిఖీ ముంచుకొస్తోంది. మందు కొడితే తెగులు ఆగుతుంది కానీ చచ్చిన గడ్డి తిరిగి రాదు.

ఉత్తరం వైపు మూల, ఎండ బాగా తగిలే చోట, నేను విడిగా ఒక మడి పెంచుతుంటాను. అందులోంచి మందంగా గడ్డి కోసి, చాపలా చుట్టి, తెగులు ఉన్నంతమేరా తవ్వి తీసేసి అక్కడ పరిచాం. ఎవరు మోశారనుకున్నావు? జట్టు జట్టంతా వచ్చారు. పూల నర్సరీ ఆయన వచ్చాడు. కార్యదర్శి గారు చొక్కా చేతులు మడిచి ఒక చుట్ట భుజాన వేసుకున్నారు. మోసినంతసేపూ మూలిగారు కానీ దించలేదు. ఫ్యాన్లు పెట్టాం, అతుకుల్లో ఇసుక నింపాం. వేరు పట్టాలి, అంతే. దానికి నేను చేయగలిగేదేమీ లేదు. ఆ రోజుల్లో నాకు అన్నం సహించలేదు.

తనిఖీ ఆయన మాటలు తక్కువ మనిషి. బంతిని ఎత్తు నుంచి వదిలి ఎంత లేస్తుందో చూశాడు. బూటు మడమతో తొక్కి తిప్పాడు. కత్తి దింపి మట్టి ముక్క తీశాడు. తిన్నగా ఎడమ పోస్టు దగ్గరికి, సరిగ్గా మేము అతికిన చోటికే వెళ్ళాడు. వంగి రెండు చేతులతో గడ్డి పట్టుకుని లాగాడు. మళ్ళీ లాగాడు.

రాలేదు!

లేచి చేతులు దులుపుకుని, "ఎండ ఎక్కడి నుంచి తెచ్చారు?" అని అడిగాడు. నేను తలెత్తి నీ కప్పు వైపు చూపించాను.

ఫైనలు ఇక్కడే, ఆడేదీ మన జట్టే, గోడ కూడా ఊతకర్ర వదిలి ప్రాక్టీసుకి దిగింది. నోటీసు కార్యదర్శి గారే చించారు, ముక్కలు నా చేతిలో పెట్టారు. నువ్వు రావాలి. రాకపోతే ఊరుకోను.

వదిన

*

కొత్త సైటు, రేకుల గది,
మార్చి

వదినా,

తిట్టకు. రాలేను. బాస్ నన్ను కొత్త స్టేడియం పని మొత్తానికి పెద్దని చేశాడు. సరిగ్గా ఆ రోజే ఇక్కడ పునాది కాంక్రీటు పోస్తున్నారు, మొదలుపెడితే మధ్యలో ఆపడం కుదరదు. ఇక్కడి కప్పు ముందు భాగమంతా మొదటి నుంచే వెలుతురు దిగేలా గీశాను. 

రేడియోలో స్కోరు వింటాను. మిగతాది నువ్వు రాయాలి. రేడియోవాళ్ళకి గడ్డి కనపడదు.

నీ మరదలు

*

మైదానం, దక్షిణపు గ్యాలరీ మొదటి వరస,
ఫైనలు మర్నాడు పొద్దున

నా మరదలికి,

ఈసారి షెడ్డులో కూర్చోలేదు. నీ గ్యాలరీలో కూర్చుని రాస్తున్నాను. మైదానం నిండా బూటు గాట్లు. ఇంత అందంగా పాడైన మైదానాన్ని నేనెప్పుడూ చూడలేదు.

గెలిచామని నీకు తెలుసు. తెలియనిది చెబుతాను.

ఆట చూసేటప్పుడు నేను బంతిని చూడను, కాళ్ళు చూస్తాను. మొదటి సగం ఉత్తరపు గోలు మన గోడది. దక్షిణపు గోలు మీదికి మనవాళ్ళ దాడి. నంబరు తొమ్మిది అమ్మాయి సరిగ్గా గోలు ముందు ఒంటికాలి మీద గిర్రున తిరిగింది. నవంబరులో గోడ పడిపోయిన చోటు అది. జనం బంతి కోసం అరిచారు. నేను కాలి కోసం ఊపిరి బిగబట్టాను. గడ్డి పట్టింది, కాలు నిలిచింది, బంతి గోలులో పడింది. పక్కనున్న మీ అన్నయ్యని కొట్టేశాను. చెయ్యి ఇంకా నొప్పిగా ఉందట.

రెండో సగంలో గోడ దక్షిణం వైపుకి వచ్చింది. గోలు గీత మీద నిలబడి బూటు మొనతో నేలని రెండుసార్లు తట్టింది. నా వైపు చూసింది. నేను తల ఊపాను. ఏం ధైర్యంతో ఊపానో!

చివర్లో వాళ్ళకి పెనాల్టీ వచ్చింది. అదే గోలు. ఎడమ పక్క మేము అతికిన గడ్డి. దేవుడా, కుడి వైపు కొట్టనీ అనుకున్నాను. వాళ్ళమ్మాయి ఎడమకే కొట్టింది. అదే మోకాలు మడిచి, అదే కాలితో నేలని తన్ని గాల్లోకి లేచింది మన పిల్ల. గడ్డి ఒక్క పోచ కదల్లేదు మరదలా. నువ్వు నమ్మాలి. ఆ తన్నుకి నేల తిరిగి తన్నినట్టు లేచింది. బంతి వేళ్ళ చివర తగిలి పోస్టు బయటికి పోయింది.

గ్యాలరీ విరిగిపడుతుందేమోనన్నంత కేకలు. ఆ పిల్ల లేచి ఏం చేసిందో తెలుసా? చేతులెత్తి గంతులేయలేదు. తను పడ్డ చోట లేచిన మట్టిపెళ్ళని బూటుతో జాగ్రత్తగా కిందికి నొక్కింది. అప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. ఈసారి కళ్ళ మంట అని కూడా చెప్పలేదు.

విజిల్ మోగగానే జనం మెట్లు దిగి ఉరికొచ్చారు. గెలిస్తే మైదానంలోకి దూకడం వాళ్ళకి అలవాటు. గోడ గీత దగ్గరికి పరిగెత్తి రెండు చేతులూ చాచి నిలబడింది. "ఆగండి! గడ్డి! గడ్డి!" అని అరిచింది. అంత జనమూ గీత దగ్గర ఆగిపోయారు, ముందువాళ్ళు వెనకవాళ్ళని చేతులతో ఆపుతూ. ఒక్క కాలు కూడా లోపలికి పడలేదు.

తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "రండి మేడమ్" అంది. ఆట రోజున, జనం ముందు, గీత దాటి లోపలికి వెళ్ళడం నా ఉద్యోగంలో లేదు. వద్దు వద్దంటుంటే లాక్కెళ్ళింది. జట్టంతా వచ్చి గోలు ముందు నన్ను గడ్డి మీద కూర్చోబెట్టారు, తర్వాత మీద కుప్పగా పడ్డారు. బురద, చెమట, పచ్చి గడ్డి వాసన. నవ్వలేక ఊపిరాడక వెల్లకిలా పడిపోయాను.

అప్పుడు ఎండ సూటిగా నా ముఖం మీద పడింది. నీ కప్పు అంచులోంచి దిగి వచ్చిన ఎండ. ఆ కప్పు కింద అన్ని వరసల జనమూ లేచి నిలబడి, చప్పట్లు కొడుతూ మమ్మల్నే చూస్తున్నారు. చెయ్యి అడ్డం పెట్టుకుంటే ఎండ తగలదు కదా. కానీ పెట్టుకోబుద్ధి కాలేదు.

నీ వదిన